జాలికి చదువు నేర్పిన డాక్టరమ్మ

ఆదివారం దివ్యపూజకు కుటుంబాలు గుడికి వస్తాయి. పెద్దలు ముందు వరుసల్లో కూర్చుంటారు, పిల్లలు తల్లుల కొంగులు పట్టుకొని వెనుక నిలబడతారు. అయితే రాయవరంలోగాని, కోనసీమలోని ఏ విచారణలోగాని, కొన్ని ఇళ్ళ నుండి ఒక్కరు మాత్రం రారు. పన్నెండేళ్ళు వచ్చినా మెడ నిలబడని అబ్బాయి, ఇరవై ఏళ్ళు నిండినా తన జడ తాను వేసుకోలేని అమ్మాయి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని చిన్నవాడు. వారితోపాటు తల్లి కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెబుతారు. ఆ ఒక్క మాటనే ఏళ్ళ తరబడి చెబుతూ వస్తారు.

ఆ తల్లికి ప్రేమ తక్కువని ఎవరూ అనలేరు. అన్నం తినిపించడానికి గంట, స్నానం చేయించడానికి మరో గంట, రాత్రి నాలుగుసార్లు లేవడం, ఇదే ఆమె జీవితం. ఆమెకు లేనిది తోడు. అదీ పని తెలిసిన తోడు.

మరోవైపు మన విచారణలలో నర్సింగు చదివే ఆడపిల్లలు ఉన్నారు. చదువు ముగిశాక పెద్ద ఆసుపత్రి, పట్టణం, వీలైతే పరదేశం అని ఇంట్లోవారు లెక్కలు వేస్తారు. అది తప్పని చెప్పబోవడం లేదు. కాని బుద్ధి, శరీరం వయసుకు తగినట్లు ఎదగని పిల్లలను చూసుకోవడం కూడా ఒక వృత్తి అనీ, దానికీ చదువు ఉన్నదనీ, ఆ చదువు చాలా అవసరమనీ వారికి చెప్పేవారు తక్కువ. అందుకే ఈ వారం ఒక డాక్టరమ్మ జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాము. ఆమె పేరు చెప్పగానే పెద్దలకు గుర్తుకు వచ్చేది గుంటూరు ఆసుపత్రి, కాన్పులు, కంటి వైద్యం. కాని ఆమె బ్రతుకంతా చాటిన విషయం ఒక్కటే. జాలి మాత్రమే చాలదు, జాలి పని నేర్చుకోవాలి.

ఆమె మేరీ గ్లోరీ. 1887 జూన్ 23న ఆస్ట్రేలియా దేశంలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో పుట్టారు. తల్లిదండ్రులు ఐర్లాండు వంశస్థులు, కథోలికులు. తొమ్మిదిమంది సంతానంలో మేరీ మూడవది. తరువాత కుటుంబం వాచెమ్ అనే పల్లెకు మారింది. వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతం అది. అక్కడి పిల్ల చదువులో చురుకై, స్కాలర్‌షిప్పు సంపాదించి మెల్‌బోర్న్ నగరానికి వెళ్ళింది. విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యం వైపు చేరినా, తండ్రి సలహా మీద వైద్యానికి మారింది. ఆ రోజులలో ఆడపిల్ల డాక్టరు చదవడం అరుదు. 1910లో పట్టా చేతికి వచ్చింది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి, తిరిగి మెల్‌బోర్న్ వచ్చి సొంతంగా వైద్యం మొదలుపెట్టారు. కళ్ళు, చెవుల ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ పనిచేశారు. మంచి పేరు, మంచి సంపాదన. ఇంకేం కావాలని లోకం అడిగే స్థితి.

1915 అక్టోబర్ 24, ఆదివారం. ఆ రోజు పూజ తరువాత మేరీ ఒక చిన్న పుస్తకం చదివారు. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు డాక్టరు గురించినది. ఆమె ఫ్రాన్సు దేశంలో వైద్యం చదివి, అరవై ఏళ్ళ వయసులో కథోలిక సభలో చేరి, డెబ్బై దాటాక మన దేశానికి వచ్చి రావల్పిండిలో స్త్రీల కోసం ఆసుపత్రి ఏర్పడేలా చేసిన మహిళ. మగ డాక్టరుకు చూపించుకోలేక తల్లులు, పురిటిలో సరైన చేయి లేక బిడ్డలు చనిపోతున్నారని ఆ పుస్తకం చెప్పింది. మేరీ మోకరించి ఆలోచించి, తన జీవితం ఇండియాకే అని ఆనాడే నిశ్చయించుకొన్నారు.

సరిగ్గా అదే ఆదివారం, ఇటలీ దేశంలోని కోమో పట్టణంలో లూయీజీ గ్వానెల్లా అనే గురువు కన్నుమూశారు. ఈ వ్యాసానికి ఆయన కూడా కావాలి కనుక నాలుగు మాటలు చెప్పుకొందాం. 1842లో ఆల్ప్స్ పర్వతాలలోని ఒక పల్లెలో పుట్టిన ఆయన 1866లో గురుపట్టం పొందారు. ఆ కొండలోయలలో తిండిలో అయోడిన్ చాలక గొంతు వాపులు వచ్చేవి, కొందరు పిల్లలు పుట్టుకతోనే బుద్ధి ఎదగక, ఒళ్ళు ఎదగక మిగిలిపోయేవారు. కారణం ఆనాటి జనానికి తెలియదు. ఎగతాళి చేసేవారు, మూలకు తోసేవారు. ఫాదర్ గ్వానెల్లా వారిని మంచి బిడ్డలని పిలిచి, తన ఇళ్ళలో చేర్చుకొని, బురదనేలలు బాగుచేసే పొలం పనిలో చేతనైనంత పని నేర్పారు. వారి సేవకోసం కన్యస్త్రీల సభను, గురువుల సభను స్థాపించారు. ఆయన సభలవారు తరువాతి కాలంలో మన పొరుగున తమిళనాడుకు కూడా వచ్చారు. 2011 అక్టోబర్ 23న 16వ బెనెడిక్టు పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. మేరీ, గ్వానెల్లా ఒకరినొకరు ఎరుగరు. అయినా ఒకరు తన పని ముగించిన రోజే మరొకరు తన పనికి పూనుకొన్నారు. ఆయన ఇచ్చినది ఇల్లు, ఆదరణ. ఆమె తెచ్చినది వైద్యం, శిక్షణ. మన ఇంట్లోని బిడ్డకు రెండూ కావాలి గదా!

మళ్ళీ మెల్‌బోర్న్‌కు వద్దాము. పిలుపు వచ్చిందని మేరీ వెంటనే ఓడ ఎక్కలేదు. ఇక్కడే మనం గమనించవలసినది ఉంది. ఆమె నాలుగేళ్ళు ఆగారు. అది యుద్ధకాలం, ఆసుపత్రులలో పని ఎక్కువ. 1916లో ఏర్పడిన కథోలిక మహిళల సామాజిక సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. అలా పనిచేస్తూనే మళ్ళీ పుస్తకాలు పట్టి, కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ప్రధానంగా తీసుకొని 1919లో ఎండీ పట్టా సాధించారు. వెళ్ళబోయే చోట ఏ చేయి అవసరమో ఆ చేతిని ముందు సిద్ధం చేసుకొన్నారన్నమాట.

ఇంకొక చిక్కు ఉంది. ఆనాటి శ్రీసభ నియమాల ప్రకారం వ్రతాలు తీసుకొన్న కన్యస్త్రీలు వైద్యవృత్తి, ముఖ్యంగా కాన్పులు చేయకూడదు. మఠంలో చేరితే డాక్టరు పని పోవాలి, డాక్టరుగా ఉంటే మఠం పోవాలి. 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కన్యస్త్రీగా ఉంటూ డాక్టరుగా పనిచేసిన తొలి మహిళగా ఆమెను చెప్పుకొంటారు. ఆ నియమం అందరికీ సడలినది ఆ తరువాత చాలా ఏళ్ళకు, 1936 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ రోజున.

1920 జనవరి 21న ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12న ఆమె గుంటూరు చేరారు. అదీ లూర్దుమాత పండుగకు మరునాడే. వయసు 32. హాలండు దేశపు జె.ఎం.జె. కన్యస్త్రీలు 1904 నుండి గుంటూరులో ఉన్నారు. మేరీ ఆ సభలో చేరి, తిరుహృదయ మరియ అనే పేరు పొందారు. తిరిగి స్వదేశం చూడలేదు.

ఆ రోజుల గుంటూరును ఊహించుకోండి. కాన్పు నొప్పులు రెండు రోజులు పట్టినా ఇంట్లోనే ఉంచేవారు. బొడ్డు కోయడానికి దొరికినదే ఆయుధం. బిడ్డ ఏడవకపోతే తలక్రిందులుగా పట్టి కొట్టేవారు, ఇంకా ఏడవకపోతే పక్కన పెట్టి తల్లిని చూసుకొనేవారు. మంత్రసానులు చెడ్డవారు కారు. తమ పెద్దల దగ్గర చూసినదే చేశారు. వారికి నేర్పేవారు లేరు.

ఇప్పటి వైద్యశాస్త్రం మనకు ఒక సంగతి స్పష్టంగా చెబుతోంది. పుట్టిన బిడ్డ మొదటి నిమిషంలో ఊపిరి తీసుకోకపోతే వెంటనే తుడిచి, వెచ్చగా ఉంచి, ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి గాలి అందించాలి. ఆలస్యమైతే మెదడుకు ప్రాణవాయువు చాలదు. అలా దెబ్బతిన్న భాగం మళ్ళీ మామూలు కాదు. బ్రతికిన బిడ్డ మెడ నిలపలేకపోవచ్చు, కాళ్ళు చేతులు బిగుసుకుపోవచ్చు, మాట రాకపోవచ్చు. సెరిబ్రల్ పాల్సీ అనే స్థితికి ఇదొక కారణం. పుట్టిన కొద్ది రోజులలో పచ్చకామెర్లు ముదిరినా, నెలలు నిండకుండా పుట్టినా, తల్లి గర్భంలో ఉండగా కొన్ని అంటువ్యాధులు సోకినా ఇలాంటి ప్రమాదమే. కావున తెలిసిన చేతులతో జరిగే ప్రతి కాన్పూ ఒక బిడ్డ మెదడును కాపాడే పనే. తిరుహృదయ మరియమ్మగారి కాలంలో ఎదుగుదల లోపాలను గురించి ఇంత తెలియదు. కాని ఆమె చేసిన పని దారి మాత్రం అదే.

అయితే లోపాలన్నీ కాన్పులో వచ్చేవి కావు సుమా! డౌన్ సిండ్రోమ్ బిడ్డ గర్భంలో పడినప్పుడే వచ్చే తేడా. కొన్ని జన్యువుల ద్వారా వస్తాయి, మేనరికాలలో ఆ ప్రమాదం కొంత పెరుగుతుంది. ఆటిజం విషయంలో తల్లి పెంపకం కారణం కానే కాదు. గ్రహణం చూసిందనో, ఎవరి పాపమో తగిలిందనో తల్లిని నిందించే మాట మన ఇళ్ళలో ఎంత త్వరగా మానితే అంత మేలు.

ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? చిన్న మందులశాలగా ఉన్నది ఆమె చేతిమీద సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. పల్లెలకు వెళ్ళి చూసేవారు, రాత్రివేళ కాన్పులకు లేచేవారు. అయినా ఆమె చేసిన వాటిలో అన్నిటికంటే దూరదృష్టి గల పని ఇంకొకటి. స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులకు పరిచర్య చేయడం నేర్పించారు. ఆనాడు నర్సు పని అంటే నామోషీ. పరాయివారి మలమూత్రాలు ఎత్తే పని అని చాలా కుటుంబాలు చిన్నచూపు చూసేవి. అలాంటి కాలంలో ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ ఆడపిల్లలు ఎక్కువ. నేడు మన ఇళ్ళలో నర్సమ్మ అన్న మాటకు గౌరవం ఉన్నదంటే, ఆనాటి ఆ పిల్లలు మోసిన మాటలే దానికి పునాది.

1943లో, ప్రపంచయుద్ధం జరుగుతుండగానే, ఆమె మరో పదిహేనుమంది కన్యస్త్రీలతో కలిసి కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. పదహారుమందితో మొదలైన ఆ సంఘం ఇప్పుడు దేశమంతటా వేలాది ఆసుపత్రులను, ఆరోగ్యకేంద్రాలను కలుపుతోంది. దాని ముఖ్య కార్యాలయం మన హైదరాబాద్ ప్రాంతంలోనే ఉన్నది. మన దేశంలో కథోలిక వైద్యకళాశాల ఉండాలని ఆమె కోరిక. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల ప్రారంభమయ్యేసరికి ఆమె లేరు. క్యాన్సర్‌తో చాలా బాధపడి, 1957 మే 5న బెంగుళూరులో తనువు చాలించారు. వయసు 69. ముప్పై ఏడేళ్ళ సేవ. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు ఆ ఇంట్లోని బిడ్డ దగ్గరకు వద్దాము. శిక్షణ పొందిన నర్సు అక్కడ చేసే పని ఏమిటని మీరు అడగవచ్చు. కొన్ని ఉదాహరణలు చూడండి.

మెడ నిలబడని బిడ్డను పడుకోబెట్టి అన్నం పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తరచు నిమ్ము చేస్తుంది. నర్సు ఆ బిడ్డను నిటారుగా ఆనించి కూర్చోబెట్టి, గడ్డం కొంచెం క్రిందికి ఉంచి, మెత్తగా కలిపిన ముద్దను చిన్న చెంచాతో పెడుతుంది. మింగాడని చూశాకే రెండవది. తిన్న తరువాత అరగంట అలాగే కూర్చోబెడుతుంది.

ఫిట్స్ వస్తే మనవాళ్ళు చేతిలో తాళంచెవులు పెడతారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. నర్సు ఇవేవీ చేయదు. బిడ్డను పక్కకు ఒత్తిగిల్లించి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూస్తుంది. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని ఆమెకు తెలుసు. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా మానకూడదని తల్లికి ఒకటికి పదిసార్లు చెబుతుంది.

మాట రాని బిడ్డకు పన్ను నొప్పి వచ్చినా, చెవిపోటు వచ్చినా చెప్పలేడు. తల గోడకు కొట్టుకొంటాడు. ఇంట్లోవారు మొండితనం అనుకొంటారు. నర్సు ముఖం చూస్తుంది, నిద్ర చూస్తుంది, ఏ వైపు నమలడం మానాడో చూస్తుంది. మంచంపట్టినవాడిని రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చి, వీపు మీద పుండు పడకుండా కాపాడుతుంది. రజస్వల అయిన అమ్మాయికి గుడ్డ మార్చుకోవడం చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, నెలల తరబడి ఓపికగా నేర్పుతుంది. ఆ అమ్మాయి మీద ఎవరైనా చేయి వేస్తే గుర్తుపట్టి నోరు విప్పేది కూడా చాలాసార్లు ఆమే కావాలి.

ఇవన్నీ జాలితో వచ్చేవి కావు. నేర్చుకొంటే వచ్చేవి.

నేర్చుకొనే దారి ఉన్నది. జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్ళు. ఆ తరువాత పిల్లల వైద్యసేవలోగాని, మానసిక ఆరోగ్యసేవలోగాని పై చదువు చదవవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం గలవారి కోసం కేంద్రప్రభుత్వం 1984లో జాతీయసంస్థను నెలకొల్పింది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పేవారికి, శిక్షణ ఇచ్చేవారికి అక్కడ కోర్సులు ఉన్నాయి. 2013లో మొదలైన ఆరోగ్యపథకం క్రింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి, ఎదుగుదల ఆలస్యాన్ని తొందరగా పట్టుకోవాలన్నది ఏర్పాటు. అక్కడ డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాట నేర్పేవారు, నర్సు కలిసి పనిచేయాలి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నాయి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం, 18 ఏళ్ళు నిండినా తమ వ్యవహారాలు చూసుకోలేనివారికి సంరక్షకులను నియమించవచ్చు. తమ తరువాత బిడ్డ గతి ఏమిటని రాత్రులు నిద్రపోని తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. సదరం సర్టిఫికెట్టు మొదలు ఈ దారులన్నీ చదువురాని తల్లికి చెప్పగలిగేది ఊరిలోని నర్సమ్మే.

ఈ వృత్తి తేలికైనదని చెప్పలేము. పెద్ద ఆసుపత్రిలో రోగి పదిరోజుల్లో లేచి నడిచి, దండం పెట్టి వెళ్తాడు. ఇక్కడ ఒక బిడ్డ చెంచా తానే పట్టుకోవడానికి ఏడాది పడుతుంది. జీతం కూడా చాలాచోట్ల తక్కువ. నడుము నొప్పి, నిద్రలేమి ఉంటాయి. అందుకే దీన్ని త్యాగమని పొగిడి ఊరుకోకూడదు. ఇలాంటి సంస్థలు నడిపేవారు నర్సుకు తగిన జీతం, సెలవు, పైచదువుకు అవకాశం ఇవ్వాలి. దెబ్బతిన్న బాటసారిని చూసి జాలిపడి వెళ్ళిపోలేదు ఆ సమరీయుడు. గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రంవానికి డబ్బు కూడా ఇచ్చాడు. దయకు ఖర్చు ఉంటుందని ఆయనకు తెలుసు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ అమ్మాయి నర్సింగు ముగించి, ఇలాంటి పిల్లల దగ్గర పనిచేస్తానంటే, అంత చదివి ఇదేం పని అనకండి. మెల్‌బోర్న్‌లో మంచి ప్రాక్టీసు వదిలి గుంటూరు వచ్చిన డాక్టరమ్మను కూడా లోకం ఆ ప్రశ్నే అడిగి ఉండవచ్చు. మగపిల్లలకూ ఈ దారి తెరిచే ఉన్నది. ఎదిగిన అబ్బాయిని ఎత్తి స్నానం చేయించడానికి బలమైన చేతులు కావాలి. విచారణ పెద్దలూ, మరియదళం సభ్యులూ ఒక పని చేయవచ్చు. మీ ఊరిలో నర్సింగు చదివినవారు ఎందరో, ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్న కుటుంబాలు ఎన్నో ఒక కాగితం మీద రాయండి. నెలకు ఒక పూట ఆ నర్సు ఆ ఇంటికి వెళ్ళి, తల్లికి ఒక్క మెళకువ నేర్పి వచ్చినా చాలు. బిడ్డకు నిమ్ము, ఫిట్స్, పుండ్లు కొంత తగ్గుతాయి, తల్లికి ఒక రాత్రి నిద్ర దొరుకుతుంది.

తిరుహృదయ మరియమ్మగారు గుంటూరులో మొదలుపెట్టినది ఇదే. తెలిసిన చేతిని తెలియని ఇంటికి పంపడం. ఆ పని ఇంకా పూర్తి కాలేదు.